బాయి కనబడే సీటు

విమానంలో ఏ సీటు తీసుకుంటే కింది భూమి బాగా కనబడుతుందో నన్నడగండి, గంటసేపు చెబుతాను. పొద్దున పూట ఉత్తరానికి పోయే విమానమైతే కుడి పక్క కూర్చోకూడదు, ఎండ కళ్లల్లో పొడుస్తుంది. రెక్క మీది వరసలో కూర్చుంటే టికెట్ కొనుక్కుని రేకు చూసొచ్చినట్టే. రెక్క వెనక కూర్చుంటే ఇంజను వేడికి నేలంతా వణుకుతూ కనబడుతుంది. కొన్ని వరసల్లో కిటికీ సీటని పేరే గానీ పక్కన కిటికీ ఉండదు, ఉత్త గోడ ఉంటుంది. ఇదంతా ఒకే ఒక్క ప్రయాణం కోసం నెల రోజులు ఫోన్లో తల పెట్టి నేర్చుకున్నాను. అంత నేర్చుకుని తప్పు సీటే తీసుకున్నాను. ఇప్పటికీ గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ సీటు మా నాయిన కోసం.

మాది శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న ఊరు. అలియాబాద్ దిక్కు మాకు పదకొండెకరాల పొలం ఉండేది. రోడ్డు పెద్దదైంది, చుట్టుపక్కల వాళ్లంతా అమ్మారు, మేమూ అమ్మాం. కొన్నవాళ్లు చుట్టూ రెండు నిలువుల గోడ లేపి, గేటు పెట్టి, గేటుకు మనుషుల్ని పెట్టారు. అమ్మిన ఏడాదికి మా నాయిన ఒకరోజు ఆ గేటు దగ్గరికి పోయి, లోపలికి పోయి ఒక్కసారి బాయి చూసొస్తానన్నాడు. మా బాయి చిన్నది కాదు. చదరంగా తవ్వి, నాలుగు దిక్కులా రాయి కట్టి, దిగడానికి మెట్లు పెట్టిన పెద్ద వ్యవసాయ బాయి. ఎండాకాలంలో కూడా అందులో ఇద్దరు మనుషుల లోతు నీళ్లుండేవి. కావలివాడు పొమ్మన్నాడు. నాయినకు బతిమాలడం రాదు, గేటును ఎగిరి తన్నాడు. వాడు రొమ్ము మీద చెయ్యి వేసి నూకాడు. డెబ్బై దాటిన మనిషి కంకర మీద వెల్లకిలా పడ్డాడు.

నేను అల్వాల్‌లో ఉంటాను, జీడిమెట్లలో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మీద పని. సంగతి తెలిసిన మరునాడు పొద్దున్నే పోయి, ఆ కావలివాణ్ని కుర్చీలోంచి గల్లా పట్టి లేపి, నోరు తెరిచేలోపే రెండు పీకాను. వాడి పన్ను నా పిడికిలిలో దిగింది. లోపలి నుంచి నలుగురు వచ్చి నన్ను కింద పడేసి తొక్కారు. ఒక పక్కటెముక చిట్లింది. ఇంత చేసీ గోడ అవతల ఏముందో నేనూ చూడలేదు. మా ఇంటి మగవాళ్ల సంగతే అంత. అడగాల్సిన చోట కొడతాం.

నేను మా నాయినను కూడా కొట్టాను. అది చెప్పకుండా సీటు సంగతి చెప్పడం కుదరదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. స్టార్టరు ఆపకుండానే నేను ఊళ్లోకి తిరగపోయాను. కరెంటు సగం సగం వచ్చి మోటరు మాడిపోయింది. వరి పొట్ట మీదుంది, నాలుగు రోజులు నీళ్లు లేకపోతే అంతా తాలే. మరునాడు మధ్యాహ్నం బాయి గడ్డ మీద కూర్చుని నేను మోటరు విప్పుతుంటే నాయిన వెనక నుంచి వచ్చాడు. చేతిలో తెగిన ఫ్యాన్ బెల్టు. మొదటి దెబ్బ వీపు మీద పడింది, రెండోది చెవి మీద. చెవిలో గుయ్యిమని కూత మొదలైంది. ఎన్ని కొట్టాడో లెక్క లేదు. లేవబోతుంటే వెనక నుంచి మెడ పట్టుకున్నాడు. నా చేతిలో పానా ఉంది, పెద్ద బోల్టులు విప్పే బరువైన పానా. తిరుగుతూ తిప్పాను.

చూసి కొట్టలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. చూశాను, ముఖం చూసి ముఖం మీదే కొట్టాను. పండిన గుమ్మడికాయ బండకేసి కొట్టినట్టు చప్పుడైంది. నాయిన ఎడమ కన్ను మీద చెయ్యి పెట్టుకుని బాయి అంచున కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారి రాతి మీద బొట్లు బొట్లుగా పడింది. అరవలేదు. కాసేపటికి, "మోటర్ బిగియ్యి" అన్నాడు.

ఆసుపత్రిలో ఆ కన్ను తీసేశారు. పోలీసు లేదు, పంచాయితీ లేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, అమ్మ చచ్చిపోయేదాకా ఎత్తలేదు. నాయిన అయితే తిట్టలేదు, నిష్ఠూరం ఆడలేదు, ఆ రోజు తర్వాత నా మీద చెయ్యి కూడా ఎత్తలేదు. అదే నన్ను చంపింది. ఒక్కసారి బూతులు తిట్టు, ముఖం మీద ఉమ్మెయ్యి అని లోపల ఎన్నిసార్లు అరుచుకున్నానో నాకే తెలుసు. దుబాయిలో లేతు పని వస్తే పోలేదు. పెళ్లయ్యాక నా భార్య పోరు పడలేక వేరు కాపురం పెట్టినా అల్వాల్ దాటలేదు. ప్రతి ఆదివారం ఊరికి పోయి నాయినకు నా చేత్తోనే గడ్డం గీస్తాను. కత్తి గొంతు మీద ఆడుతుంటే ఆయన తల వెనక్కి వాల్చి ఉన్న ఒక్క కన్నూ మూసుకుంటాడు. తండ్రి కన్ను తీసినవాడు తండ్రిని విడిచి ఎక్కడికి పోతాడు?

రెండేళ్ల కింద ఆ ఉన్న కన్ను కూడా మసకబారడం మొదలైంది. నీటికాసులన్నాడు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు వేస్తే ఉన్నది ఇంకొన్నాళ్లు ఉంటుంది, ఏడాది దాకా చెప్పగలను ఆ తర్వాత చెప్పలేను అన్నాడు. నేను డాక్టరు మీద గయ్యిమన్నాను, ఆయనేం చేస్తాడు పాపం. బండి మీద ఊరికి తిరిగి పోతుంటే హకీంపేట దగ్గర ఒక విమానం మా నెత్తి మీద నుంచే పోయింది. నాయిన నా వీపు తట్టి బండి ఆపమన్నాడు. దిగి, ఒళ్లంతా తిప్పి, విమానం కనుమరుగయ్యేదాకా చూశాడు.

"గా మీదికెల్లి మన బాయి కనవడ్తదారా?" అన్నాడు.

"ఏ బాయి నాయినా? అమ్మినం గదా."

"అమ్మితే ఏంది. పూడ్చిండ్రా, ఉంచిండ్రా సూడాలె. గోడ ఎంత ఎత్తు లేపినా మీదికెల్లి అడ్డం రాదు గద."

ఫోన్లో పైనుంచి తీసిన బొమ్మ చూపించాను. చేత్తో తోసేశాడు. "గిది ఎన్నటిదో ఏమో. కన్ను పోకముందు నా కన్నుతోని సూడాలె. గంతే."

పాతికేళ్లలో ఆయన నోరు తెరిచి నన్నొకటి అడగడం అదే మొదలు. అడిగింది కూడా ఆ బాయే. నేను కొట్టిన చోటు మళ్లీ చూడాలని ఆయన కోరిక అనుకున్నాను. చూపించి, అక్కడే తిట్లు తిని, ఈ బరువు దింపుకోవాలని నాకూ పట్టుదల పుట్టింది. ఆయన చూపు పోయేలోగా ఆ బాయి చూపించాలి.

అప్పటి నుంచి అదే పిచ్చి. ఏ విమానం ఎటు పోతుందో ఫోన్లో చూస్తూ లేతు మీద ఒక పీసు పాడుచేసి షాపులో తిట్లు తిన్నాను. శంషాబాద్‌లో లేచి కాశీకి పోయేది మా ఊరికి కొంచెం తూర్పుగా పోతుంది. అంటే శామీర్‌పేట చెరువు, దాని అవతల మా భూమి, ఇంకా అవతల మేడ్చల్, అన్నీ విమానానికి ఎడమ పక్క పడతాయి. పొద్దున విమానమైతే ఎండ కుడి పక్క నుంచి వచ్చి భూమి మీద పడుతుంది, మన కళ్లల్లో పడదు. కాశీ అంటే నా భార్య కూడా నోరెత్తలేదు. పుణ్యమనుకుంది. ఎడమ పక్క, రెక్కకు ముందు వరసలో కిటికీ సీటు నాయినకు, పక్కది నాకు తీసుకున్నాను. ఎక్కువ డబ్బు అడిగితే పళ్లు నూరుకుంటూ కట్టాను.

ఆ పొద్దున నాయిన తెల్లటి ధోవతి కట్టుకుని వచ్చాడు. విమానం రన్‌వే చివర నిలబడి ఒక్కసారిగా గర్జించి ఉరికినప్పుడు చుట్టుపక్కల వాళ్లు దేవుళ్లను తలుచుకుంటుంటే మా నాయిన నవ్వాడు. ఆ ఊపు, ఆ మోత, వీపును సీటుకేసి కుక్కే ఆ బలం ఆయనకు నచ్చాయి. పట్నం కింద పెంకుల కుప్పలాగా చెదిరిపోయింది. నేను వాచీ చూస్తూ నిమిషాలు లెక్కపెడుతున్నాను. దూరంగా చెరువు మెరిసింది.

"నాయినా, జల్దీ. గదే చెరువు. ఇగ కిందికి సూడు."

ఆయన కిటికీ వైపు తిరగబోయాడు. సగం తిరిగి ఆగిపోయాడు. అప్పుడు చూశాను. ఆయన కుడి కన్ను నా వైపుంది, నన్నే చూస్తోంది. కిటికీ వైపున్నది నేను తీసిన గుంత.

ఆయన మెడ తిరగదు. ఒంటి కన్నుతో ఇన్నేళ్లు ఒళ్లంతా తిప్పి చూసీ చూసీ మెడ నరాలు కొయ్యబారిపోయాయి. నాకు తెలియదా? అన్నం పళ్లెం ఆయనకు కుడి పక్కే పెడతాను. రోడ్డు దాటేటప్పుడు ఎడమ పక్క నేను నడుస్తాను. ఎండ చూసుకున్నాను, రెక్క చూసుకున్నాను, గోడ చూసుకున్నాను, కన్ను మర్చిపోయాను. ఆ కన్ను తీసినవాణ్ని నేనే, మర్చిపోయిందీ నేనే.

తల పగిలేంత కోపమొచ్చింది. నా మీది కోపం, కానీ నా కోపానికి ఎప్పుడూ ఎవరో ఒకరు కావాలి. నాయిన సీటు బెల్టు గుంజి ఊడదీసి, చంకల కింద చేతులు వేసి, సీటు మీద మోకాళ్లేయించి కిటికీకి ఎదురుగా తిప్పుదామని లేపాను. ఆయన తల పైనున్న సామాన్ల అరకు ఠప్పున తగిలింది. బెల్టు తియ్యకూడదని ఎయిర్‌హోస్టెస్ దూరం నుంచే కేకేసింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ముసలాయన్ని ఏం చేస్తున్నావయ్యా, మనిషివేనా?" అన్నాడు. సీటు మీదుగా వంగి ఆయన చొక్కా పట్టుకున్నాను. గుండీ తెగి నా చేతికొచ్చింది. ఆయన భార్య కెవ్వుమంది. ఇంకో క్షణముంటే కొట్టేవాణ్నే.

అప్పుడు నా పక్కటెముక మీద, సరిగ్గా ఆ చిట్లిన ఎముక మీద, మోచేతి పోటు పడింది. నాయిన. ఊపిరాడక సీట్లో కూలబడ్డాను. పాతికేళ్ల తర్వాత ఆయన నన్ను కొట్టాడు.

"కూసో," అన్నాడు. "కూసొని నువ్వు సూసి సెప్పు. బాయి ఉన్నదా?"

"కన్ను సంగతి యాది మరిసిన నాయినా." ఆ మాట నాకు తెలియకుండానే నోట్లోంచి ఊడిపడింది.

"మంచిగైంది. నాకు గూడ యాది లేకుంటే మంచిగుండు."

"తిట్టు నాయినా. కొట్టు. ఎన్నడన్న ఒక్క మాటన్నవా? కన్ను తీసిన కొడుకును ఒక్క మాటన్న అంటరు గద."

ఆయన ఆ ఒంటి కన్నుతో నన్నే చూశాడు. "ఆ దినం నీ మెడ ఎందుకు వట్టుకున్ననో తెల్సా?"

"కొట్టనీకి."

"కొట్టుడు అయిపోయింది గదరా. బెల్టు కింద పారేసిన. నిన్ను బాయిల నూకుదమని వట్టుకున్న. మోటర్ కాల్చిండు, పంట కాల్చిండు, గిసొంటోడు ఉంటేంది సస్తేంది అనుకున్న. నువ్వు పానా తిప్పకుంటే నూకేటోన్ని."

ఇంజను మోతలో తప్పు విన్నానేమో అనుకున్నాను. లేదు, ఆయన పెదాలు కూడా చూశాను.

"మరి గిన్నేండ్లు ఎందుకు సెప్పలే?"

"సెప్తే నువ్వు పోయేటోనివి."

అంతే అన్నాడు. ఎంత నింపాదిగా అన్నాడో! ఒంట్లో ఉన్న రక్తమంతా తలకెక్కింది. దుబాయి పోనిది, ప్రతి ఆదివారం సబ్బు నురగ పూసింది, నా పిల్లల మీద చెయ్యి లేచినప్పుడల్లా నేను తండ్రి కన్ను తీసిన పాపిష్టివాణ్ని అని గోడకేసి తల బాదుకున్నది, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆయనకు తెలుసు. నేను చేసిన పని నా ప్రాణం కాపాడిందని తెలిసీ, నా తప్పును నా కాళ్లకు బంధమేసి ఇంటి దగ్గర కట్టేసుకున్నాడు. ఆ ముసలి మెడ నా చేతికి జానెడు దూరంలో ఉంది. నరం కొట్టుకుంటోంది. నా పిడికిలి బిగుసుకుంది, విప్పుదామన్నా విప్పుకోలేదు. దయ, జాలి లాంటివేమీ ఆ క్షణంలో నాకు కలగలేదు. కొట్టాలనిపించింది. ఆ ఉన్న కన్ను కూడా.

"ఉన్నదారా బాయి?" అని మళ్లీ అడిగాడు. "దాన్ని పూడిస్తే నాకు సల్లగ నిద్రవడ్తది. కండ్లు మూస్తే అదే కనవడ్తది నాకు. నిన్ను నూకినట్టు, నువ్వు తేలినట్టు."

నేను కిటికీలోంచి చూడనే లేదు. ఇంతసేపూ ఆయన ముఖమే చూస్తున్నాను. ఇప్పుడు చూస్తే చెరువు వెనక్కి పోయింది, కింద మట్టి రంగు మసక తప్ప ఏమీ లేదు. పూడ్చారని ఒక్క మాట అంటే అయిపోయేది. 

"ఉన్నది," అన్నాను. "ఎట్లున్నది అట్లనే ఉన్నది. నీళ్లు నిండుగున్నయి."

నొప్పి పుట్టాలనే అన్నాను. పుట్టింది. ఆయన కన్ను మూసుకున్నాడు, కాశీలో దిగేదాకా తెరవలేదు. పానా ఎత్తినప్పుడు నేను పిల్లవాణ్ని, వీపు మీద దెబ్బలున్నాయి, మెడ మీద చెయ్యి ఉంది. ఈసారి అవేమీ లేవు. తీరిగ్గా కూర్చుని కొట్టాను.

కాశీలో మూడు రోజులున్నాం. మెట్ల మీద తోపులాటలో ఎవడో ఆయన్ను నెడితే వాణ్ని తిరిగి నెట్టాను. ఆయన గంగలో మునిగేటప్పుడు జబ్బ పట్టుకుని నేనూ దిగాను. నీళ్లు మెడ దాకా వచ్చేసరికి ఆయన ఉలిక్కిపడి నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. తనకు భయమేసి కాదు. ఆ రోజు బాయి దగ్గరలాగే నేను ముందున్నాను, ఆయన వెనకున్నాడు. నాకు అర్థమైంది. మూడు రోజుల్లో మేం మాట్లాడుకున్నవి అన్నం, చుక్కల మందు, టికెట్ల మాటలే.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం. ఎండ నడినెత్తిన ఉంది, ఏ పక్క కూర్చున్నా ఒకటే. దక్షిణానికి వస్తున్నాం కాబట్టి ఈసారి మా భూమి కుడి పక్క పడుతుంది. మ్యాపు చూసి ముందే కుడి కిటికీ తీసిపెట్టాను, కన్ను తలుచుకుని తీసింది కాదు. ఆయన కుడి కన్ను అద్దానికి బెత్తెడు దూరంలో ఉంది. మెడ తిప్పే పని కూడా లేదు, కొంచెం వంగితే చాలు. కింద రాళ్ల గుట్టలు, రేకుల షెడ్లు, గీతలు గీసిన ప్లాట్లు మొదలయ్యాయి. విమానం కిందికి దిగుతోంది, పోయేటప్పటి కన్నా అన్నీ పెద్దగా కనబడుతున్నాయి.

నాయిన చెయ్యి పైకెత్తి కిటికీ షట్టరు కిందికి లాగేశాడు.

నేను పైకి లేపాను. ఆయన మళ్లీ మూశాడు.

"నాయినా, నేను అబద్ధం సెప్పిన," అన్నాను. "ఆ దినం నేను కిందికి సూడనే లే. బాయి ఉన్నదో లేదో నాకు తెల్వది. నిన్ను బాధ పెట్టాలనే అన్న."

"తెల్సు. నువ్వు నన్నే సూస్తున్నవ్. కొడ్తవేమోనని నేను గూడ నిన్నే సూస్తున్న."

"అయితే ఇప్పుడు సూడు. నీ కన్ను పక్కకే ఉన్నది. ఇంకో రెండు నిమిషాలే, తర్వాత కావాలన్నా రాదు. పూడ్చే ఉంటరు నాయినా, పూడ్చకుండ ఎట్ల ఉంటరు, ఇండ్లు కట్టిండ్రు గద. తియ్యి."

షట్టరు మీద చెయ్యేసి లాగాను. ఆయన నా చెయ్యి మీద తన చెయ్యేసి కిందికి నొక్కాడు. ఆ వయసులో ఆ బలం ఎక్కడిదో. ఇద్దరం ఆ అరచేతి వెడల్పు ప్లాస్టిక్కు మీద పెనుగులాడాం. ఆయన గోళ్లు నా తోలులో దిగాయి. అటు పక్క సీటామె లేచి వెనక్కి పోయింది.

"వద్దురా," అన్నాడు. ఆయన గొంతులో బతిమాలడం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. "పూడ్చిండ్రనే అనుకో. పూడిస్తే ఏమైతది? నేను నూకేటోన్నే గద. బాయి వోతే ఆ దినం నీ మెడ మీద నా చెయ్యి లేకుండ వోతదా?"

నేను వదిలేశాను. గోళ్లు దిగిన చోట నాలుగు ఎర్రటి చారలు పడ్డాయి. ఆయన షట్టరు మీది చెయ్యి తియ్యలేదు, దాని వెనక మా పదకొండెకరాలు, ఆ గోడ, ఆ గేటు, ఉంటే బాయి, లేకపోతే దాని మీద ఎవరిదో ఇల్లు, అన్నీ పోయాయి. దిగే ముందు కిటికీలు తెరవాలని ఎయిర్‌హోస్టెస్ వచ్చి చెప్పింది. ఆయన చెయ్యి తీశాడు, నేను పైకి లేపాను. అప్పటికి శంషాబాద్ దగ్గరి బండలు వచ్చేశాయి.